పొదగని గుడ్డు ఎవరి ఖాతాలో?

నాటుకోడి గుడ్లు కొని ఇంటి ఇంక్యుబేటర్‌లో పెట్టిన వారికి 21వ రోజున పిల్లలు రాకపోతే తగాదా మామూలే. గుడ్లు మంచివి కావని కొన్నవారు, యంత్రం మంచిది కాదని అమ్మినవారు అంటారు. మిగిలిన గుడ్లను పగలగొట్టి చూస్తే పేచీ చాలావరకు తీరుతుంది.

పిండాలు ఎక్కువగా రెండు విడతల్లో చస్తాయి: మొదటి 3, 4 రోజుల్లో, చివరి 3 రోజుల్లో. తొలి విడతలో చచ్చినదానికి గుర్తు రక్తపు వలయం. వారం దాటిన నిల్వ, దారిలో కుదుపులు ఇందుకు ముఖ్య కారణాలు. వేసవిలో 70 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన గదిలో ఉంచితే పిండం పొదుగుకు ముందే కొంత కదిలి నీరసిస్తుంది. ఇది అమ్మకందారు ఖాతా. అయితే యంత్రం మితిమీరి వేడెక్కినా ఇదే వలయం కనిపిస్తుంది కనుక థర్మామీటర్ సరైనదో కాదో ముందు తేల్చుకోవాలి. ఫ్యాను ఉన్న యంత్రానికి 99.5, లేనిదానికి గుడ్ల పైభాగాన 101 నుంచి 102 డిగ్రీలు ఉండాలి.

రెండో వారంలో మరణాలు స్వల్పం. ఎక్కువైతే పెట్టల మేతలో బి2 వంటి విటమిన్ల లోటును అనుమానించాలి.

పూర్తిగా ఎదిగిన పిల్ల పెంకులోనే చస్తే మాత్రం కొన్నవారే లెక్క చూసుకోవాలి. 18వ రోజు వరకు రోజుకు మూడుసార్లైనా తిప్పారా? 50-55 శాతం ఉన్న తేమను ఆ తర్వాత 65-70కి పెంచారా? గాలి రంధ్రాలు మూసేశారా? కరెంటు ఎంతసేపు పోయింది?

గుడ్డుపై పెట్టిన తేదీని పెన్సిల్‌తో రాయించుకుని, ఏడో రోజున దీపం ముందు ఇరుపక్షాలూ చూసుకునే షరతుపై బేరం కుదుర్చుకోవడం మేలు.