ఆటకు ముహూర్తము

జూన్, జూలై మాసములలో చిత్తూరు ప్రాంతపు తోతాపురి మామిడి ఒక్కసారిగా గుజ్జు ఫ్యాక్టరీల వాకిట చేరును. కాయలో లోపము లేకున్నను ధర పడిపోవుట కలదు. పెద్ద సంస్థల అండ లేక, ఇద్దరు ముగ్గురు ఏండ్ల తరబడి శ్రమించి నిర్మించిన వీడియో గేమునకును ఇట్టి ఆపదయే కలదు.

'హాలో నైట్: సిల్క్‌సాంగ్' అను ఆట 2025 సెప్టెంబరు 4న వెలువడునని ఆగస్టు 21న ప్రకటింపబడినది. ఆస్ట్రేలియాలో కొద్దిమంది చేసినదే అయినను, దానికై లోకమంతట ఎందరో ఎదురుచూచుచుండిరి. వార్త తెలియగనే పలువురు చిన్న నిర్మాతలు తమ విడుదలలను వాయిదా వేసికొనిరి. 'బేబీ స్టెప్స్' అను ఆట సెప్టెంబరు 8 నుండి 23కు జరిగినది.

కావున పని పూర్తియైనదా అని మాత్రమే గాక, ఆ వారము మరెవరు వచ్చుచున్నారో విచారింపవలెను. కంప్యూటరు ఆటలమ్ము 'స్టీమ్' అంగడిలో, ఆటను ముందుగా తమ కోరికల పట్టీలో చేర్చుకొన్నవారికి విడుదలనాడు కబురు పోవును. అట్టివారు తగినంతమంది చేరకముందే తొందరపడరాదు.

అట్లని పెద్దవారిని చూచి ఎల్లప్పుడును తొలగిపోనక్కరలేదు. 2024 జనవరి 12న, 'గుంటూరు కారం' విడుదలైననాడే, తక్కువ ఖర్చుతో తీసిన 'హనుమాన్' చిత్రము వచ్చి ఘనవిజయము పొందినది. దాని రుచి వేరు. మన తిరుపతి, చిత్తూరు యువకులలో ఆటలు నిర్మింపదలచినవారు తమ సరకునకు అట్టి ప్రత్యేకత ఉన్నదో లేదో తెలిసికొని, పిదప దినము నిర్ణయించుకొనుట మేలు.