పేద దేశాల సగటు పక్కన భారత మహిళ

పదిహేనేళ్లు నిండినవారిలో పని చేస్తున్నవారు, పని కోసం వెతుకుతున్నవారు కలిపి ఎంత శాతమో చెప్పేదే శ్రామిక శక్తి భాగస్వామ్య రేటు. ఈ విషయంలో మన దేశంలో పెద్ద ఒడిదొడుకులన్నీ స్త్రీల వైపే కనిపిస్తాయి. జాతీయ నమూనా సర్వే ప్రకారం 2004-05లో 42 శాతం దాటి ఉన్న మహిళల రేటు 2011-12 నాటికి 31కి, 2017-18 నాటికి 23.3కి దిగిపోయింది. ఆ సంవత్సరం అల్పాదాయ దేశాల సగటు మనకన్నా చాలా ఎత్తున ఉంది. వాళ్లకన్నా ఎక్కువ ఆదాయం ఉన్న దేశంలో ఇంత తక్కువ మంది స్త్రీలు పనిలో ఉండటమేమిటని ఆశ్చర్యం కలగడం సహజమే.

2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ దీనికి పనికొచ్చే వివరణ ఎప్పుడో ఇచ్చారు. పూట గడవని చోట ఇంటిల్లిపాదీ పొలంలో దిగక తప్పదు. నాలుగు రాళ్లు రాగానే స్త్రీలు ముందుగా కూలి మానుకుంటారు. చదువులు పెరిగి, గౌరవంగా చేసుకునే ఉద్యోగాలు వచ్చాక మళ్లీ బయటికొస్తారు. కాబట్టి పేద దేశంలో రేటు ఎక్కువగా ఉండటం దానంతటదే అభివృద్ధి కాదు, చాలాసార్లు అది గత్యంతరం లేకపోవడమే.

అయితే కారణాలు వెతికే ముందు ఆ సగటు ఎవరిదో చూడాలి. 2000 ప్రాంతంలో ప్రపంచ బ్యాంకు అల్పాదాయ జాబితాలో అరవైకి పైగా దేశాలుండేవి. అప్పుడు మనమూ అందులోనే ఉన్నాం. 2024 నాటికి మిగిలినవి 26. వాటిలో అత్యధికం సహారా దిగువ ఆఫ్రికా దేశాలు, మిగతావాటిలో యుద్ధాలతో చితికినవి ఉన్నాయి. బ్యాంకు పాత సంవత్సరాలకూ నేటి జాబితానే వర్తింపజేస్తుంది. అంటే 1990 నాటి ‘అల్పాదాయ’ అంకెలో ఆనాటి పేద దేశాల్లో అతి పెద్దవాటిలో ఒకటైన భారత్ లేదు, బంగ్లాదేశ్ కూడా లేదు. పోనీ ఉన్నవైనా ఒక తీరున ఉన్నాయా అంటే అదీ లేదు. మడగాస్కర్, బురుండీలలో స్త్రీలలో అత్యధికులు శ్రామికులే. అఫ్గానిస్తాన్, యెమెన్‌లలో పదిమందిలో ఒకరు కూడా కారు. ఈ రెంటి సగటు ఏ దేశపు స్త్రీ బతుకునూ చెప్పదు.

‘పని’ నిర్వచనం సంగతి ఇంకా విచిత్రం. నేపాల్ 2008 సర్వేలో స్త్రీల రేటు 80 శాతం. 2017-18 సర్వేలో అది 26.3. పదేళ్లలో నేపాలీ స్త్రీలు పొలాలు వదిలేసి పోలేదు. సొంత తిండి కోసమే చేసే సాగును, పశుపోషణను ఉద్యోగంగా లెక్కించరాదని 2013లో అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సదస్సు తీర్మానించింది, నేపాల్ దాన్ని అమలు చేసింది. తేడాకు ప్రధాన కారణం ఇదే.

మన సర్వేలో ఆ పని ఇప్పటికీ లెక్కలోకి వస్తుంది. ఇంటి గేదెను సాకి, పాలు పితికే ఇల్లాలు ఏడాదిలో ముప్ఫై రోజులు ఆ పని చేసినా శ్రామికురాలే. కానీ ఆమె వంటచెరకు ఏరుకొస్తే కాదు! పైగా గడపలో నిలబడి జవాబు చెప్పే మగమనిషి ‘ఆమె ఇంట్లోనే ఉంటుందండీ’ అంటే, సర్వే చేసేవారు తరచి అడగకపోతే గేదె పని కూడా కాగితం మీదికి ఎక్కదు.

అందుకే 2023-24లో మన మహిళల రేటు 41.7కి పెరిగిందన్న వార్తను లోపలికి తొంగి చూసి చదవాలి. గ్రామాల్లో అది 47.6, పట్టణాల్లో 28 మాత్రమే. పురుషుల రేటు 78.8. పనిలో ఉన్న స్త్రీలలో 36.7 శాతం కుటుంబ పొలంలోనో, దుకాణంలోనో జీతం లేకుండా సాయపడేవారే.