రెండేళ్ల అబద్ధం కన్నా... ఆరిళ్ల నిజం మేలు!

'అనుభవం లేదు కదా, రెజ్యుమెలో ఏం రాయను?' - డిగ్రీ చేతికొచ్చిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ వినిపించే ప్రశ్నే ఇది. నిజానికి టెక్నికల్ సపోర్ట్ ఉద్యోగానికి రాయదగ్గ పని చాలామంది పిల్లలు ఎప్పుడో మొదలుపెట్టేసి ఉంటారు. అది పని అని వాళ్లకు తెలీదంతే!

బడంగ్‌పేట్‌లో ఓ కుర్రాడున్నాడనుకుందాం. బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తయింది. పొద్దున్నే ఎల్బీనగర్ చేరి మెట్రో ఎక్కుతాడు. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని సాయంత్రానికి ఇల్లు చేరతాడు. వీధిలో ఎవరింట్లో వైఫై ఆగినా, ఎదురింటి అంకుల్ ప్రింటర్ మొరాయించినా, మేనమామ కిరాణా కొట్లో బిల్లింగ్ కంప్యూటర్ తెరుచుకోకపోయినా... మొదటి ఫోను అతనికే వస్తుంది. అతను వెళ్తాడు, బాగుచేస్తాడు, టీ తాగి వచ్చేస్తాడు. తీరా రెజ్యుమె రాయడానికి కూర్చుంటే మాత్రం 'అనుభవం' అన్న మాట దగ్గర వేళ్లు ఆగిపోతాయి. 'లేదు' అని రాసేస్తాడు.

సరిగ్గా అప్పుడే తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఓ సలహా వస్తుంది. 'రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టెయ్‌రా. డబ్బులిస్తే లెటర్లూ జీతం స్లిప్పులూ వాళ్లే ఇస్తారు. అందరూ చేసేదే!'

అమ్మానాన్నలు అప్పోసప్పో చేసి ఆ డబ్బు కట్టడానికి కూడా సిద్ధపడతారు. ఆగాల్సింది అక్కడే.

ఆ రెండేళ్లూ ఎక్కడివి?

ఇలాంటి లెటర్ల సంగతి కంపెనీలకు తెలీదనుకుంటే పొరపాటు. బోగస్ సంస్థల పేరిట పత్రాలూ ఎక్స్‌పీరియన్స్ లెటర్లూ చూపించినవారిని గుర్తించి ఉద్యోగాల్లోంచి తొలగించామని 2022 నవంబరులో యాక్సెంచర్ ఇండియా ప్రకటించింది. అంటే, ఇంటర్వ్యూ గట్టెక్కి ఉద్యోగంలో చేరిపోయాక కూడా కత్తి వేలాడుతూనే ఉంటుందన్నమాట.

వాళ్లకెలా తెలుస్తుంది? 2014 నుంచి పీఎఫ్ ఖాతా ఉన్న ఉద్యోగులకు యూఏఎన్ అనే 12 అంకెల సంఖ్య ఇస్తున్నారు. ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది ఆ సంఖ్య వెంటే నమోదవుతుంది. సాధారణంగా ఇరవైమంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు పీఎఫ్ చట్టం పరిధిలోకి వస్తాయి. కాబట్టి పెద్ద కంపెనీలో రెండేళ్లు చేశానని రాసినవాడికి 'మరి పీఎఫ్ ఏదీ?' అన్న ఒక్క ప్రశ్న చాలు, చెమటలు పట్టడానికి.

ఉద్యోగం పోవడంతోనే కథ ముగియకపోవచ్చు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ ప్రకారం మోసం చేసే ఉద్దేశంతో పత్రాన్ని ఫోర్జరీ చేస్తే ఏడేళ్ల వరకూ జైలుశిక్ష పడొచ్చు. నకిలీదని తెలిసీ వాడినవారిని కూడా చట్టం తయారుచేసినవారితో సమానంగానే చూస్తుంది. లెటర్ అమ్మినవాడు దుకాణం కట్టేసి వెళ్లిపోతాడు. దొరికేది సంతకం పెట్టిన పిల్లాడే.

వాళ్లకేం కావాలి?

సుమారు అయిదున్నర శతాబ్దాల క్రితం... 1480ల్లో లియొనార్డో డావిన్సీ మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జా కొలువు కోసం ఓ లేఖ సిద్ధం చేసుకున్నాడు. ప్రపంచంలో తొలి రెజ్యుమె అదేనని సరదాగా చెబుతుంటారు. అందులో తేలిగ్గా మోసుకెళ్లే వంతెనలు, ఫిరంగులు, సొరంగాల గురించి వరసగా చెప్పుకొచ్చి, చిత్రలేఖనం ప్రస్తావన చివర్లో తెచ్చాడు. అంతటి చిత్రకారుడు అలా ఎందుకు రాశాడు? ఆ పాలకుడికి అప్పుడు కావాల్సింది యుద్ధ సామగ్రి కాబట్టి! తన గొప్పకన్నా ఎదుటివారి అవసరాన్ని ముందు పెట్టాడు.

మరి టెక్నికల్ సపోర్ట్ కంపెనీకి ఏం కావాలి? ఫోను చేసేవాళ్లు అప్పటికే విసిగిపోయి ఉంటారు. పని ఆగిపోయి ఉంటుంది. ఆ మాటల్లోంచి అసలు సమస్య ఏమిటో పట్టుకోవాలి. కంప్యూటర్ భాష రాని మనిషికి ఓపిగ్గా చెప్పి చేయించాలి. ఏం జరిగిందో, ఏం చేశారో టికెట్‌లో రాసిపెట్టాలి. తన వల్ల కాకపోతే పై అంచెకు పంపాలి. ఫ్రెషర్లను ఎక్కువగా తీసుకునేది ఈ మొదటి అంచెకే. దాన్ని ఎల్-1 అంటారు. చూశారుగా... కష్టపడి కోడ్ రాయడం ఇందులో లేదు. బడంగ్‌పేట్ కుర్రాడు వీధిలో చేసిందంతా ఇందులో ఉంది!

ఒక్క మాట మారిస్తే...

'నెట్‌వర్కింగ్‌లో మంచి పరిజ్ఞానం ఉంది' - ఈ వాక్యం అందరి రెజ్యుమెల్లోనూ ఉంటుంది. చదివేవారి కన్ను దానిమీద నిలవదు. దాని బదులు: 'మా కాలనీలో ఆరిళ్లకు వైఫై రూటర్లు అమర్చాను. సిగ్నల్ అందని గదులున్నచోట రూటర్ స్థానం మార్చి సరిచేశాను.'

'హార్డ్‌వేర్ తెలుసు' అనే బదులు: 'నెమ్మదించిన ల్యాప్‌టాప్‌లో డేటా బ్యాకప్ తీసి, హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ వేసి, విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను.'

'కమ్యూనికేషన్ స్కిల్స్ బాగున్నాయి' అనే బదులు: 'కిరాణా దుకాణంలో బిల్లింగ్ ఆగినప్పుడు యజమానికి ఫోన్లోనే ఒక్కో మెట్టూ చెప్పి ప్రింటర్ పనిచేసేలా చేయించాను.'

రెజ్యుమె ఇంగ్లిష్‌లోనే రాస్తాం కాబట్టి ఈ భావాన్నే చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పెట్టాలి. సమస్య ఏమిటి, నేనేం చేశాను, చివరికేమైంది - ప్రతి వాక్యంలోనూ ఈ మూడూ ఉండాలి. అంకెలు వేస్తే ఇంకా మంచిది. కానీ ఆరిళ్లయితే ఆరనే రాయాలి, అరవై అని కాదు. ఇదంతా 'ఉద్యోగానుభవం' కింద కాకుండా 'ప్రాక్టికల్ వర్క్' అన్న శీర్షిక కింద పెట్టాలి. అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇల్లే ప్రయోగశాల!

ఇళ్లలో దొరకని పని ఒకటుంది. కంపెనీల్లో వందలమంది ఉద్యోగుల లాగిన్లన్నీ ఒకేచోట నడిపే యాక్టివ్ డైరెక్టరీ. పాస్‌వర్డ్ మర్చిపోయామంటూ వచ్చే ఫోన్లకు జవాబు చాలాచోట్ల అందులోనే ఉంటుంది. దాన్ని సొంత ల్యాప్‌టాప్‌లోనే నేర్చుకోవచ్చు. వర్చువల్‌బాక్స్ ఉచితం. విండోస్ సర్వర్‌ను మైక్రోసాఫ్ట్ 180 రోజులపాటు పరీక్షించి చూసుకోవడానికి ఉచితంగా ఇస్తుంది. ఓ పది మంది ఉత్తుత్తి ఉద్యోగుల్ని సృష్టించి, వాళ్ల పాస్‌వర్డ్‌లు మార్చి, ఖాతాలు లాక్ చేసి, తెరిచి చూడొచ్చు. ర్యామ్ కనీసం 8 జీబీ ఉంటే పని సాఫీగా సాగుతుంది. సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్‌లో నెట్‌వర్కులు కట్టి చూడటానికీ పైసా అక్కర్లేదు. ఇవన్నీ 'హోమ్ ల్యాబ్' పేరుతో రెజ్యుమెలోకి ఎక్కించొచ్చు.

సర్టిఫికెట్ కావాలనుకుంటే 2018లో గూగుల్ మొదలుపెట్టిన ఐటీ సపోర్ట్ కోర్సు కోర్సెరాలో ఉంది. కాంప్‌టియా ఏ ప్లస్‌కు ప్రపంచమంతటా గుర్తింపు ఉన్నా పరీక్ష ఫీజు బరువే. ఇంట్లోవాళ్లని ఇబ్బందిపెట్టి ముందే కట్టేయాల్సిన పనిలేదు. ఉద్యోగంలో చేరాకైనా రాయొచ్చు.

పేజీ ఎలా సర్దాలి?

ఫ్రెషర్‌కు ఒక్క పేజీ చాలు. పైన పేరు, ఫోన్ నంబరు, ఈ-మెయిల్. ఆ ఈ-మెయిల్ కాలేజీ రోజుల ముద్దుపేరుతో కాకుండా సొంత పేరుతో ఉండాలి. చిరునామాగా 'బడంగ్‌పేట్, హైదరాబాద్' అంటే సరిపోతుంది. తండ్రి పేరు, మతం, ఆధార్ నంబరు పాతకాలపు బయోడేటా అలవాట్లు. వాటిని తీసేయొచ్చు. 'పాటలు వినడం, క్రికెట్ చూడటం' కూడా అంతే.

తర్వాత రెండు మూడు వాక్యాల పరిచయం, తెలిసిన సాంకేతికాంశాలు, ప్రాక్టికల్ వర్క్, హోమ్ ల్యాబ్, చివర్లో చదువు. తెలిసిన భాషలు తప్పకుండా రాయాలి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింట్లోనూ మాట్లాడగలగడం ఈ ఉద్యోగంలో పెద్ద ఆస్తి. రాత్రి షిఫ్టులకు సిద్ధమైతే అదీ రాయాలి. కానీ ముందు ఇంట్లో మాట్లాడుకోవాలి! నగరానికి ఈ చివరనున్న బడంగ్‌పేట్ నుంచి ఆ చివరనున్న హైటెక్ సిటీకి అర్ధరాత్రి రాకపోకలంటే కంపెనీ క్యాబ్ ఉందో లేదో కనుక్కున్నాకే ఒప్పుకోవడం మంచిది.

చాలా సంస్థల్లో రెజ్యుమెను మొదట చూసేది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. రంగురంగుల పెట్టెలూ బొమ్మలూ ఉంటే అది తికమకపడొచ్చు. సాదా అక్షరాలే మేలు. ఉద్యోగ ప్రకటనలో 'ట్రబుల్‌షూటింగ్', 'టికెటింగ్' లాంటి పదాలుంటే, అవి నిజంగా మనకొస్తే, అవే పదాలు వాడాలి.

ప్రతి వాక్యానికీ ఓ కథ

రెజ్యుమెలో రాసిన ప్రతి అక్షరం ఇంటర్వ్యూలో ప్రశ్నై ఎదురొస్తుంది. 'ఇంటర్నెట్ రావట్లేదని ఫోనొచ్చింది. ఏం చేస్తావ్?' అని అడిగారనుకోండి. రూటర్లు బాగుచేసినవాడు తడుముకోడు. ఒక్కరికేనా, అందరికీ రావట్లేదా అని అడుగుతాడు. కేబుల్, రూటర్ లైట్లు చూడమంటాడు. కంప్యూటర్ ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ అందలేదని పోల్చుకుంటాడు. 8.8.8.8కు పింగ్ వెళ్తూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ను అనుమానిస్తాడు. కొన్న లెటర్‌లోని రెండేళ్లు ఈ జవాబు చెప్పలేవు. ఆరిళ్లలో తిరిగిన అనుభవం చెబుతుంది.

రెజ్యుమె పూర్తయ్యాక చిన్న పరీక్ష. వంటింట్లో ఉన్న అమ్మకు పక్కగదిలోంచి ఫోన్ చేయండి. 'అమ్మా, వైఫై డబ్బా మీద ఏ లైటు వెలుగుతోంది?' అని మొదలుపెట్టి, లేచి వెళ్లకుండా, విసుక్కోకుండా, ఆమెతోనే దాన్ని సరిచేయించండి. చేయించగలిగారా... ఉద్యోగానికి కావాల్సిన అసలు అర్హత మీ దగ్గరున్నట్టే. ఇక ఆ సంగతి ధైర్యంగా కాగితం మీద పెట్టడమే మిగిలింది!