గొడవ చేసే కొడుకు, గొడవ చేయని కూతురు

మొన్న ఒక తల్లి పదో తరగతి చదివే కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. "రాత్రి ఒంటిగంట దాకా ఫోనులో ఆటలేనండీ డాక్టరుగారూ! లాక్కుంటే కంచం విసిరికొట్టాడు" అని ఆమె ఫిర్యాదు. ఇంటర్ చదివే కూతురి సంగతి అడిగాను. "దానితో ఏ గొడవా లేదండీ. ఈ మధ్య తలనొప్పి అంటోంది, అన్నం సరిగా తినదు, అంతే" అంది. ఆ పిల్లనూ తీసుకురమ్మన్నాను. దుప్పటి కింద ఆమె ఫోను రెండింటి దాకా వెలుగుతూనే ఉంటుందని అప్పుడు తెలిసింది.

ఫోను వ్యసనం అనగానే మనకు కంచం విసిరిన పిల్లవాడే గుర్తొస్తాడు. 2022లో ఐరోపా, మధ్య ఆసియా, కెనడాలలో 11, 13, 15 ఏళ్ళ పిల్లలను ప్రశ్నించి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా శాఖ వేసిన లెక్క చూడండి. ఫోను, కంప్యూటరు ఆటల ఊబిలో పడే ప్రమాదం మగపిల్లల్లో నూటికి 16 మందికి, ఆడపిల్లల్లో 7 గురికి ఉంది. ఇన్‌స్టాగ్రామ్ వంటివాటిని వదలలేని స్థితి ఆడపిల్లల్లో 13 మందికి, మగపిల్లల్లో 9 మందికి కనిపించింది. ఇవి మన పిల్లల లెక్కలు కావు. కాని నా గదికి వచ్చేవారిలోనూ ఈ తీరే చూస్తున్నాను. అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు ఉండరని కాదు.

ఆటలో గెలుపు, ఓటమి ఉంటాయి, జట్టు ఉంటుంది. మధ్యలో ఫోను లాక్కుంటే జట్టు ముందు పరువు పోయిందని పిల్లవాడు మండిపడతాడు. ఆడపిల్ల బాధ వేరు. తన ఫొటోకు ఎన్ని లైకులు వచ్చాయి, ఫలానా అమ్మాయి ఎందుకు జవాబివ్వలేదు, తాను నల్లగా ఉన్నానా, లావుగా ఉన్నానా? ఇదంతా లోపల్లోపలే. పైగా చీకటిపడితే ఆడపిల్ల గడప దాటరాదనే ఇళ్ళలో ఆమెకు నేస్తాలు దొరికే వీధి అరుగు ఆ ఫోనే. ఎవడైనా పాడు సందేశాలు పంపినా ఇంట్లో చెప్పదు. చెబితే ఫోనుతోపాటు కాలేజీ కూడా మాన్పిస్తారని భయం. ఆ భయం ఉత్తది కాదని మనకూ తెలుసు.

ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో చేర్చింది. 2022 జనవరి నుంచి ఆ పట్టిక అమలులో ఉంది. ఆపుకోలేకపోవడం, అన్నిటికంటె ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా మానకపోవడం—ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉంటేనే జబ్బంటారు. పరీక్షలయ్యాక పది రోజులు ఆడితే కంగారుపడకండి.

గంటలు లెక్కపెట్టే బదులు నిద్ర చూడండి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదింటికి ఇంట్లోని ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగుకు పెట్టండి. నాన్నగారిది కూడా! (ఇక్కడే చాలా ఇళ్ళలో పేచీ.) అబ్బాయికి, "ఈ ఆటతో ఆఖరు" అని ముందే చెప్పండి. అమ్మాయి పక్కన కూర్చుని ఏం చూస్తోందో అడగండి. ఏం చెప్పినా కాలేజీ మాన్పించమని మాట ఇవ్వండి. చావు మాటలు, చేతులపై కోతలు, వారాల తరబడి బడి ఎగ్గొట్టడం కనిపిస్తే ఆగకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ అమ్మాయి తలనొప్పికి నేను మాత్ర రాయలేదు. ఇప్పుడు ఫోను హాల్లో పెట్టి పడుకుంటోందట. తమ్ముడి సంగతి తేలడానికి మరికొంత కాలం పట్టేట్టుంది.