దివిసీమలో విడిది

తెలుగువారికి విడిది క్రొత్త మాట కాదు. పెండ్లివారికి విడిది యిచ్చుట మర్యాద. బాటసారికి సత్రములో నిలువనీడ చూపుట పుణ్యము. రూకలు పుచ్చుకొని అన్నము పెట్టుట మాత్రము పూటకూటియింటి పని. ఓరుగంటిలో నొక్క రూకకు భోజనము దొరికెడి పూటకూటియింటిని క్రీడాభిరామము వర్ణించినది. కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మ నెరుగని విద్యార్థి లేడు. అయినను అన్నవిక్రయమును గ్రామములలో గొప్పగా నెన్నడును తలపలేదు. అతిథికి వెల కట్టుట తగునా యన్న ప్రశ్న నేడు కృష్ణా డెల్టా దిగువ భాగమున మరల తలయెత్తుచున్నది.

ఈ ప్రశ్నను ముందుగా నెదుర్కొన్న దేశములలో ఇటలీ యొకటి. రోము, వెనీసు నగరములకు జనము విరుగబడుచుండగా, మొలీసె అను కొండసీమ పేరు ఇటలీ వారికే సరిగా తెలియదు. 1963లో అది అబ్రుజ్జీ నుండి విడివడి వేరు ప్రాంతమైనది. జనాభా మూడు లక్షలకు లోపు. అట్టిదొక ప్రాంతమే లేదని ఇటలీ వారు హాస్యమాడుట కలదు. యువకులు పట్టణములకు వలసపోగా, అచటి కొండయూళ్లలో ఇండ్లు తాళములు పడియుండెను. అట్టి ఇండ్లను బాగుచేసి, సెలవులకు వచ్చువారికి వారము, పక్షము చొప్పున అద్దెకిచ్చుట యిపుడు అచట నొక జీవనోపాధి.

ఇటలీ ప్రభుత్వము 1985లో నొక చట్టము చేసినది. రైతు తన యింట అతిథులను నిలుపుకొని సొమ్ము పుచ్చుకొనవచ్చును. కాని సేద్యమే ప్రధానవృత్తిగా నుండవలెను, ఆతిథ్యము దానికి తోడు మాత్రమే కావలెను. ఈ నియమములోనే దాని వివేకమంతయు నున్నది. మరియొక పద్ధతి విపత్తునుండి పుట్టినది. 1976 మే నెలలో ఫ్రియూలీ ప్రాంతమున భూకంపము వచ్చి సుమారు వేయిమంది మరణించిరి. పాడుపడిన ఊళ్లను మరల నిలబెట్టు యత్నములో, ఊరంతయు నొకే హోటలుగా భావించు ఊహ కలిగినది. గది యొక వీధిలో, వంటయిల్లు మరియొక వీధిలో, తాళపుచెవు లిచ్చు చావడి వేరొకచోట. క్రొత్త మేడ యొక్కటియు కట్టనక్కరలేదు.

కృష్ణ చీలిన చోట

ఆ భూకంపమునకు మరుసటి యేడే, 1977 నవంబరు 19న, దివిసీమపై ఉప్పెన విరుచుకుపడినది. వేలకొలది ప్రాణములు పోయినవి. అంతకు పూర్వము 1864 నవంబరు 1న మచిలీపట్నము ప్రాంతమున ఉప్పెనకు సుమారు 30,000 మంది బలియైరి. ఈ నేలపై ఇల్లనగా గాలికిని నీటికిని ఎదురొడ్డి నిలిచిన వస్తువు.

పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలై, నడుమ దివిసీమను కౌగిలించుకొని సముద్రమును చేరును. సాగరసంగమ క్షేత్రమైన హంసలదీవిలో మాఘపూర్ణిమనాడు స్నానమునకు జనము క్రిక్కిరియుదురు. మరునాటికి ఇసుకయు, కెరటములును మాత్రమే మిగులును. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు, శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు, ఘంటసాలలో బౌద్ధస్తూపావశేషములు, కూచిపూడిలో నాట్యము, మొవ్వలో క్షేత్రయ్య స్మృతి. ఇవన్నియు పూటలో చుట్టిరాదగిన దూరములే. నాగాయలంక దిగువను మడ అడవులు, పడవదారులు కలవు. మచిలీపట్నమునకు చేరువనే మంగినపూడి తీరము. ఇన్ని యున్నను యాత్రికుడు దర్శనము చేసికొని, చీకటి పడకముందే విజయవాడ బస్సెక్కును. రాత్రి నిలుచువాడు అరుదు.

నిలువదగిన ఇండ్లు లేకపోలేదు. గుడివాడ చుట్టుప్రక్కల పల్లెలలోను, దివిసీమలోను మండువా లోగిళ్లు ఇప్పటికిని కలవు. నడుమ వాన కురియు చావడి, చుట్టు వసారాలు, పెరటిలో నుయ్యి, గాదెకొట్టు. వానిలో పెక్కింటి యజమానులు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిరి. కావలివాడు సాయంకాలము దీపము పెట్టి పోవును. తెరువని యింటిని చెదలు తెరచునన్నట్లు, దూలములు పుచ్చి పెంకులు జారుచున్నవి. సంక్రాంతికి నాలుగు దినములు తెరచు ఇల్లు తక్కిన దినములలో అతిథికి తెరచిన నేమి?

నీరు, సముద్రము, సొమ్ము

భారతప్రభుత్వపు పర్యాటకశాఖ ఇండ్లలో ఆతిథ్యమునకు నియమము లేర్పరచినది. యజమాని కుటుంబముతో ఆ యింటనే కాపురముండవలెను. అద్దెగదులు ఆరింటికి మించరాదు. ఈ లెక్కకు తాళము పడిన మండువా నిలువదు. ఎవరో యొకరు ఊరికి మరలి రావలెను. చిక్కును ఇదియే, ఆశయును ఇదియే.

మరి మూడు సంగతులు ఆలోచింపదగినవి. మొదటిది నీరు. దివిసీమ కాలువల చివరి భూమి. నేలలోని నీరు పెక్కుచోట్ల ఉప్పు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు చెరువునీరే ఊరికి ఆధారము. బిందె నీటికి నడచిపోవు ఇల్లాలి కన్నులయెదుట అతిథి తొట్టెడు నీటితో జలకమాడుట మర్యాద కాదు. రెండవది సముద్రము. తీరమున కట్టడములపై 1991 నుండి కేంద్రప్రభుత్వపు ఆంక్షలు కలవు. మడ అడవి ఉప్పెనకు అడ్డుగోడ. దానిని నరికి అలల యంచున అతిథిగృహము కట్టినచో, తానెక్కిన కొమ్మను తానే నరికికొన్నట్లగును. తుఫాను హెచ్చరిక వచ్చిన గంటలో అతిథిని ఎచటికి చేర్పవలెనో ఎరిగిన గృహస్థుడే అతనిని పిలువదగును. మూడవది సొమ్ము. అద్దె యంతయు దూరదేశపు యజమానికి చేరి, వండిన ఇల్లాలికిని, పడవ నడపిన పల్లెకారునకును కూలి మాత్రమే మిగిలినచో ఊరికి కలుగు మేలు స్వల్పము.

ఊరి చరిత్ర తెలిసిన బాలుడు మంచి మార్గదర్శి యగును. ఘంటసాల శాసనములలోని కంటకసోల యను పేరును, కూచిపూడి వారి యక్షగాన సంప్రదాయమును, ఉప్పెన గుర్తులను ఉపాధ్యాయుడు తన విద్యార్థులచేత వ్రాయించినచో, ఆ చిన్నపుస్తకమే అతిథి చేతి కందు మొదటి కానుక.

అన్నమునకు వెల కట్టుట తప్పా యన్న ప్రశ్నకు సమాధానము ఇందే కలదు. పూటకూటియింట వెల యన్నమునకు. ఇచట వెల, కూలిపోవు దూలమును నిలుపుటకును, వలసపోయిన కొడుకు మరలి వచ్చుటకును. చేద త్రాడు నూతిగిలకపై మరల కిఱ్ఱుమన్ననాడు, ఆ లోగిలిలో మొదట సుఖముగా నిదురించువాడు అతిథి కాడు. ఇన్నాళ్లు ఒంటరిగా దీపము పెట్టిన కావలివాడు.