భయకథకుడును ఉత్తరముల మిత్రమండలియు



దయ్యముల కథలు మనకు క్రొత్తవి కావు. చింతచెట్టు క్రిందనో, శ్మశానపు దారిలోనో, పాడుబడిన బావి గట్టుననో జరిగినదని చెప్పు కథను వినని పల్లె లేదు. అట్టి కథను చెప్పువాడు ఎదుటివారి ముఖములు చూచుచు చెప్పును. పిల్లవాడు తల్లి కొంగు పట్టుకొన్నచో కథ పారినదని తెలిసికొనును. ఆవులించినచో అచ్చట కథ కుంటుపడినదని గ్రహించి, మరునాడు ఆ భాగమును కుదించును. కాగితముమీద వ్రాయువానికి ఈ సదుపాయము లేదు. ఒంటరిగా కూర్చుండి తాను వ్రాసినది చదువరి గుండె నదరించునో, నవ్వు పుట్టించునో అతనికి తెలియదు. భయమునకును నవ్వునకును నడుమ గోడ మిక్కిలి పలుచన. ఈ చిక్కును ఒక అమెరికా రచయిత ఎట్లు దాటెనో, అందువలన అతనికి కలిగిన లాభమేదో, కలుగని లాభమేదో ఈనాడు చెప్పదలచితిని.

అతని పేరు హోవర్డ్ ఫిలిప్స్ లవ్‌క్రాఫ్ట్. 1890వ సంవత్సరమున రోడ్ ఐలండ్ రాష్ట్రమందలి ప్రావిడెన్స్ నగరమున జన్మించెను. చిన్ననాటనే తండ్రి గతించెను; తాతగారి ఆస్తియు కరగిపోయెను. ఆరోగ్యము చెడి 1908లో చదువు పూర్తికాకుండగనే బడి మానెను. అంతవరకు వ్రాసిన కథలలో రెండు తప్ప తక్కినవానిని నాశము చేసి, ఐదేండ్లపాటు ఇంటిలోనే ముడుచుకొని యుండెను. 1913లో ఒక కథాపత్రికలో వచ్చుచున్న ప్రేమకథలను తెగడుచు అతడు వ్రాసిన ఉత్తరము పాఠకులలో పెద్ద తగవు రేపెను. ఆ వాదోపవాదములను చూచిన ఒక ఔత్సాహిక పత్రికా సంఘమువారు, తమలో చేరుమని 1914లో అతనిని పిలిచిరి. అతని జీవితము మలుపు తిరిగినది ఆ పిలుపుతోనే.

ఈ సంఘమనగా నేమో కొంచెము వివరింపవలెను. యునైటెడ్ అమెచ్యూర్ ప్రెస్ అసోసియేషన్ అను పేర ఇది 1895లో ఏర్పడినది. వ్రాతవలన డబ్బు గడింపవలెనని కాక, వ్రాతయందలి మక్కువచేతనే సభ్యులు ఇందు చేరుచుండిరి. ఎవరికి వారు తమ ఖర్చుతో చిన్న పత్రికను అచ్చువేసికొని, తక్కిన సభ్యులకు తపాలాలో పంపుచుండిరి. అచ్చైన రచనల గుణదోషములను విచారించుటకు సంఘములో ప్రత్యేకముగా ఒక శాఖ యుండెను. లవ్‌క్రాఫ్ట్ ఆ శాఖలో పనిచేసెను, 1915లో తన సొంత పత్రికను వెలువరించెను, 1917లో సంఘాధ్యక్షుడాయెను. బాల్యమున వ్రాసిన కథ యొకటి 1916లో సంఘపత్రికలో అచ్చు కాగా, దానిని చదివిన పాల్ కుక్ అను తోడి సభ్యుడు, కథలు మరల వ్రాయుమని పట్టుపట్టెను. తొమ్మిదేండ్లుగా మానుకొన్న కథారచన 1917లో మరల మొదలైనది. ఆ యేడు వ్రాసిన "డాగన్" అను కథను కుక్ తన పత్రికలోనే 1919లో ప్రకటించెను.

ఆ కాలముననే మరియొక చిన్న మండలి యుండెను. అమెరికా, ఇంగ్లండు, కెనడా దేశముల ఔత్సాహికులు తమ వ్రాతప్రతులను తపాలాలో ఒకరికొకరు పంపుకొనుచు, చదివిన ప్రతివారును తమ అభిప్రాయమును జతపరచుచుండిరి. లవ్‌క్రాఫ్ట్ "డాగన్" మున్నగు కథలను ఈ మండలికి పంపెను. "డాగన్"లో ఓడ కోల్పోయిన మనుజు డొకడు సముద్రగర్భమునుండి పైకి లేచిన బురదనేలపై ఒంటరిగా చిక్కుకొనును. బురదలో సగము కూరుకుపోయినవాడు ప్రాకుచు ఎట్లు పోగలడని ఒక సభ్యుడు ఆక్షేపించెను. దానికి లవ్‌క్రాఫ్ట్ కోపగించుకొనక, ఆ ప్రాకులాట యంతయు తాను కలలో అనుభవించినదే యనియు, ఆ బురద తన్ను లాగుచున్న స్పర్శ యింకను మరపునకు రాలేదనియు 1921లో సమాధానము వ్రాసెను. అంతటితో నిలువక, భయకథ యెందులకు వ్రాయవలెను, దాని ధర్మమేమి యను విషయమును విపులముగా చర్చించెను. నాకు తోచిన దేమనగా, ఇట్టి మండలివలన ముఖ్యలాభము మెప్పు కాదు, ప్రశ్న. "ఇది నేను నమ్మను" అని ముఖాముఖి చెప్పు స్నేహితుడు లేనిచో, రచయిత తన మనస్సులో నున్నదంతయు కాగితముమీదికి వచ్చినదనియే భ్రమపడును.

1923లో చికాగో నగరమున "వియర్డ్ టేల్స్" అను పత్రిక పుట్టి, అతని కథలను కొనసాగెను. అప్పటికిని ఉత్తరముల స్నేహము సడలలేదు. కథలు అచ్చునకు పూర్వమే మిత్రులచేతులు మారుచుండెను. 1933లో రాబర్ట్ బ్లాక్ అను పదునారేండ్ల బాలుడు జాబు వ్రాయగా, లవ్‌క్రాఫ్ట్ ఓపికతో బదులు వ్రాసి, కథలు వ్రాయుటకు పురికొల్పెను. ఆ బాలుడు గురువుగారిని బోలిన పాత్రను తన కథలో చంపుటకు అనుమతి వేడగా, గురువు సంతోషముగా ఇచ్చెను. పిమ్మట తానును శిష్యుని బోలిన పాత్రను ఒక కథలో చంపి, ఆ కథను శిష్యునికే అంకితము చేసెను! ఆ బ్లాకే 1959లో "సైకో" నవలను వ్రాసి ప్రసిద్ధుడాయెను.

అయినను మండలి యన్నిటిని తీర్చలేదు. అతనికి బ్రతుకుతెరువు ఇతరుల వ్రాతలు దిద్దుటవలననే కొంత గడచెను. స్నేహితుల ఆక్షేపణకు నవ్వుచు బదులు చెప్పినవాడు, సంపాదకుని తిరస్కారమును మాత్రము సహింపలేకపోయెను. దక్షిణధ్రువ ప్రాంతమునుగూర్చి వ్రాసిన పెద్దకథను 1931లో "వియర్డ్ టేల్స్" త్రిప్పిపంపగా, వ్రాయు పూనికయే సన్నగిల్లెను. మరియొక దోషమును దాచరాదు. ఇతర జాతులవారియెడ ద్వేషము అతని ఉత్తరములలోను, కొన్ని కథలలోను కనబడును. 1975 మొదలుకొని ఒక సాహిత్య బహుమానముగా అతని ముఖప్రతిమను ఇచ్చుచుండిరి. ఈ కారణముననే అభ్యంతరములు రాగా, 2015లో దానిని మానుకొనిరి. రచనను మెచ్చుట వేరు, మనుజుని సర్వమును మెచ్చుట వేరు.

1937 మార్చి 15న అతడు పేగుల రాచపుండు (క్యాన్సర్) వ్యాధితో, పేదరికములో, నలువదియారవ యేట మరణించెను. జీవితకాలమున పుస్తకరూపమున వెలువడిన కథ ఒక్కటే; అదియు తప్పులతో నిండి, సుమారు రెండువందల ప్రతులు మాత్రమే. అతని కథలు పాతపత్రికలతో పాటు చెదలపాలు కావలసినవే. అట్లు కానీయనివారు ఉత్తరముల మిత్రులు. ఆగస్ట్ డెర్లెత్, డొనాల్డ్ వాండ్రై అను ఇరువురు కథలను కూర్చి, ప్రచురణకర్తలు ముందుకు రాకపోగా, అందుకొరకే సొంత ప్రచురణసంస్థను స్థాపించి, 1939లో పెద్ద సంపుటమును వెలువరించిరి. నేడు ఆ కథలు అనేక భాషలలో చదువబడుచున్నవి.

మన గుణాఢ్యుని ఐతిహ్యము ఇచ్చట జ్ఞాపకము రాక మానదు. రాజు బృహత్కథను నిరాకరింపగా, అతడు అడవిలో ఒక్కొక్క పత్రమును చదివి మృగపక్షులకు వినిపించుచు అగ్నిలో వేసెననియు, అవి మేత మాని వినినవనియు, తుదకు రాజే వచ్చి మిగిలిన యొక లక్ష గ్రంథమును కాపాడెననియు చెప్పుదురు. ఏడు లక్షలలో ఆరు లక్షలు బూడిదయైన పిమ్మటనే కదా రాజు వచ్చినది! వినువారు ముందుగనే యుండినచో ఆ నిప్పు రాజియుండునా?

మీ యూళ్ళలో కథలు వ్రాయు యువకు లుందురు. వారిలో దయ్యపుకథ వ్రాయువాడు కనబడినచో, పనిలేని వ్రాతయని త్రోసివేయకుడు. అరుగుమీద కూర్చుండబెట్టి చదివించుడు. భయము కలిగినచోట కలిగినదని చెప్పుడు; కలుగనిచోట ఎందుకు కలుగలేదో చెప్పుడు. బాగున్నచో ఒక ప్రతి వ్రాసి యింట దాచుడు. దీనికి రూకలతో పని లేదు. వినుటకు ఒక గంట చాలును.