పదిహేనేళ్లు ఆలస్యంగా మోగిన చప్పట్లు

1992 ఆగస్టు 24 తెల్లవారుజామున 'ఆండ్రూ' అనే పెనుతుపాను అమెరికాలోని ఫ్లోరిడా దక్షిణ తీరాన్ని తాకింది. మయామీ నగరానికి దక్షిణాన వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. వాటిలో జేసన్ గోబెల్ అనే యువ గిటారు వాద్యకారుని ఇల్లు ఒకటి. అతడూ, అతని మిత్రులూ సాధన చేసుకునే స్థలం కూడా ఆ గాలివానకే పోయింది. 'సినిక్' అనే ఆ బృందం అప్పటికి మొదటి ఆల్బమ్‌ను రికార్డు చేయవలసి ఉన్నది. ఆ పని దాదాపు ఏడాది వెనుకబడింది.

ఆ ఎడబాటే వారికి ఒక విధంగా మేలు చేసిందేమో! ఆ కాలంలో కొత్త పాటలు పుట్టాయి. వారి సంగీతం మరో దారి పట్టింది.

1987లో, పదహారేళ్ల ప్రాయంలో, పాల్ మాస్విడాల్, షాన్ రైనర్ట్ అనే ఇద్దరు మిత్రులు ఈ బృందాన్ని నెలకొల్పారు. వారు ఎన్నుకున్నది 'డెత్ మెటల్'. చెవులు దిమ్మెక్కించే గిటార్లు, పిడుగుల్లా కురిసే డ్రమ్ములు, పాడటానికి బదులు గర్జించే గాయకుడు: ఇదీ దాని స్వరూపం. 1991లో వీరిద్దరూ 'డెత్' అనే పేరుమోసిన బృందంతో కలిసి 'హ్యూమన్' అనే ఆల్బమ్‌లో వాయించి, ఆ రంగంలో ప్రశంసలందుకున్నారు. ఆ బాటనే సాగి ఉంటే వారికి లోటుండేది కాదు. కాని ఇంట్లో వారు వినేది జాజ్ సంగీతం. అలన్ హోల్డ్స్‌వర్త్ వంటి గిటారు విద్వాంసుల వాదనం.

టాంపా నగరంలోని మోరిసౌండ్ స్టూడియోలో స్కాట్ బర్న్స్ పర్యవేక్షణలో తయారై, 1993 సెప్టెంబరులో వెలువడిన 'ఫోకస్' ఆల్బమ్‌లో ఈ రెండు లోకాలూ ఒక్కటయ్యాయి. అందులో ఉన్నవి ఎనిమిదే పాటలు. అన్నీ కలిసి సుమారు 36 నిమిషాలు. గర్జించి పాడితే గొంతు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం మాస్విడాల్‌కు ఏర్పడగా, ఆ బాధ్యత టోనీ టీగార్డెన్‌కు అప్పగించారు. మాస్విడాల్ మాత్రం మానవకంఠాన్ని యంత్రనాదంతో మేళవించే వోకోడర్ ద్వారా, సన్నగా, ఏదో గ్రహాంతరవాసి పలుకుతున్నట్లు పాడాడు. గర్జన వెనుకనే ఈ గానం! అది ఒకే తీరుగా ఉండటం కొంత విసుగు పుట్టించే మాట నిజమే.

అసలు సొగసు షాన్ మలోన్ వాయించిన బాస్ గిటారులో ఉన్నది. దానికి మెట్లు లేవు. వీణకూ గోటువాద్యానికీ గల తేడాను ఎరిగినవారికి దీని ప్రభావాన్ని వివరించనక్కరలేదు: స్వరం నుంచి స్వరానికి నాదం నీటిమీద జారినట్లు జారుతుంది. పైన గిటార్లు ఉరుముతూ ఉంటే, అడుగున ఈ మంద్రనాదం తన ధోరణిలో తాను ప్రవహిస్తుంది. రైనర్ట్ డ్రమ్ములు ఒక క్షణం ఉప్పెనలా విరుచుకుపడి, మరుక్షణం జాజ్ పద్ధతిలో తాళాలను మునివేళ్లతో తాకినంత సుతారంగా పలుకుతాయి. తొలి పాటకు పెట్టిన పేరు మరీ విశేషం: 'వెయిల్ ఆఫ్ మాయా', అంటే మాయ అనే తెర. భారతీయ వేదాంతులు చెప్పిన మాయే అది.

ఈ కలయికను ఆనాటి శ్రోతలు హర్షించలేదు. 1994లో ఈ బృందం, ఘోరమైన పాటలకు పేరుపడిన 'కానిబల్ కార్ప్స్' వెంట అమెరికాలో పర్యటించింది. గర్జనల కోసం వచ్చిన గుంపుకు ఈ సౌకుమార్యం రుచించలేదు. జాజ్ రసికులా, డెత్ మెటల్ పేరు వింటేనే ఆమడ దూరం పోయేవారు. ఆ ఏడాదే బృందం చెదిరిపోయింది. మాస్విడాల్, రైనర్ట్‌లు మరొక సంగతిని కూడా ఆ గుంపుల ఎదుట దాచుకొనవలసి వచ్చింది. తాము స్వలింగ ప్రేమికులమని వారు బహిరంగంగా చెప్పగలిగింది 2014లోనే.

ఈలోగా 'ఫోకస్' చేతులు మారుతూ, చెవులు మారుతూ బ్రతికింది. షికాగోలో ఒక కొత్త బృందం 'వెయిల్ ఆఫ్ మాయా' అనే పేరునే తన పేరుగా పెట్టుకున్నది. 2004లో ఆల్బమ్ పునర్ముద్రణ పొందింది. 2008లో, సరిగా పదిహేనేళ్లకు, గోబెల్ తప్ప మిగిలిన ముగ్గురూ కలిసి 'ట్రేస్డ్ ఇన్ ఎయిర్' అనే రెండవ ఆల్బమ్‌ను వెలువరించారు. ఈసారి చప్పట్లు మోగాయి.

2020 జనవరిలో రైనర్ట్ 48వ ఏట కన్నుమూశాడు. అదే సంవత్సరం డిసెంబరులో 50 ఏళ్ల మలోన్ మరణించాడు. మరుసటి సంవత్సరం మాస్విడాల్ 'అసెన్షన్ కోడ్స్' పేరిట కొత్త ఆల్బమ్ విడుదల చేసినప్పుడు డ్రమ్ముల వద్ద మరొకరు కూర్చున్నారు. బాస్ గిటారును మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ మంద్రస్వరాలను కీబోర్డు మీదనే పలికించారు.